ఒక టీఎంసీలో సరిగ్గా ఎన్ని లీటర్లు? 28,31,68,46,592 లోపలి లెక్క

గోదావరి మీద బ్యారేజీ ఉన్న ధవళేశ్వరానికి దిగువన, డెల్టాలో, నీటిని లీటర్లలో ఎవరూ మాట్లాడుకోరు. కాలువలకు వదిలేది క్యూసెక్కుల్లో (సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున), జలాశయంలో నిలిచేది టీఎంసీల్లో, చేలో పెట్టేది అంగుళాల్లో. లీటరు లెక్క వచ్చేది పత్రికలో వార్త రాసేటప్పుడో, పోటీ పరీక్షలోనో, తాగునీటి పథకం అంచనాలోనో. తేడాలు మొదలయ్యేదీ అక్కడే. ఒక టీఎంసీ అంటే ఒకచోట 2,830 కోట్ల లీటర్లు, మరోచోట 2,832 కోట్లు, ఇంకోచోట ఒక అంకె జారిపోయి 283 కోట్లు. ‘సుమారుగా’ అన్న మాట చాటున ఇవన్నీ చెల్లిపోతుంటాయి. నిజానికి ఈ లెక్కలో సుమారుకు చోటే లేదు. ఒక టీఎంసీ అంటే సరిగ్గా 28,31,68,46,592 లీటర్లు. 2,831 కోట్ల 68 లక్షల 46 వేల 592. దశాంశ బిందువు తర్వాత ఏమీ మిగలదు, చివర్లో సవరించిందీ లేదు.

పైకి అడ్డదిడ్డంగా కనబడే ఈ పదకొండంకెల సంఖ్య లోపల చాలా పద్ధతిగా ఉంటుంది. ఆ పద్ధతి తెలిస్తే డెల్టాలో రోజూ వాడే కొలతల మార్పిడుల్లో ఏది చక్కగా తెగుతుందో, ఏది ఎంత లాగినా తెగదో లెక్క మొదలుపెట్టకముందే చెప్పొచ్చు.

వెయ్యి అడుగుల ఘనం

టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, మన లెక్కలో వంద కోట్లు. వంద కోట్లంటే 1000 × 1000 × 1000. పొడవు, వెడల్పు, లోతు మూడూ వెయ్యేసి అడుగులున్న తొట్టి నిండా పట్టే నీరే ఒక టీఎంసీ అన్నమాట. అమెరికా, బ్రిటన్‌లతో కలిపి ఆరు దేశాలు 1959లో గజాన్ని సరిగ్గా 0.9144 మీటర్లుగా ఖాయం చేసుకున్నాయి. అందులో మూడో వంతు అడుగు, 0.3048 మీటర్లు. వెయ్యి అడుగులంటే 304.8 మీటర్లు, అంటే 3048 డెసీమీటర్లు. అన్ని వైపులా ఒక డెసీమీటరున్న పెట్టె పట్టేది ఒక లీటరు. కాబట్టి టీఎంసీలోని లీటర్లు 3048 × 3048 × 3048. మొదటి గుణకారం 92,90,304 ఇస్తుంది. దాన్ని మళ్లీ 3048తో హెచ్చిస్తే 28,31,68,46,592. మన సంఖ్య ఒక పరిపూర్ణ ఘనం, దాని ఘనమూలం 3048. లెక్కంతా మరిచిపోయినా ఈ నాలుగంకెలు గుర్తుంటే చాలు.

ఈ చక్కదనం మొదటినుంచీ ఉన్నది కాదు. 1901 నుంచి 1964 దాకా లీటరుకు నిర్వచనం వేరు: ఒక కిలో శుద్ధ జలం ఆక్రమించే చోటు. అది 1.000028 ఘన డెసీమీటర్లకు వచ్చేది. ఆ లీటరుతో కొలిస్తే ఒక్కో టీఎంసీ దాదాపు 7.93 లక్షల లీటర్లు తగ్గుతుంది, పైగా పూర్ణ సంఖ్య కాదు. 1964లో లీటరును మళ్లీ ఘన డెసీమీటరుకు కట్టేశారు. అడుగు కథా ఇంతే. భారత సర్వే అడుగు 0.3047996 మీటర్లు. మీటరులో కోటి వంతులు నాలుగే తేడా. వెయ్యి అడుగులకు, అదీ ఘనంలో, ఆ తేడా పెరిగి టీఎంసీకి 1,11,483 లీటర్లవుతుంది. బ్యారేజీ దగ్గర ఈ నీరు లెక్కలోకే రాదు. ఏ అడుగు, ఏ లీటరు అని తేల్చుకోకుండా చివరి అంకె దాకా రాస్తే మాత్రం ఆ అంకెలకు అర్థం ఉండదు.

ఇంకో విశేషం ఉంది. ఒక ఘనపుటడుగు 28.316846592 లీటర్లు. బిందువు తర్వాత సరిగ్గా తొమ్మిది అంకెలు, టీఎంసీలో సరిగ్గా తొమ్మిది సున్నాలు. పది కోట్ల ఘనపుటడుగుల దగ్గర ఆగితే 2,83,16,84,659.2 అని చివర ఇంకా రెండు పదో వంతులు వేలాడుతుంటాయి. 1, 10, 100 అని పదేసి రెట్లు పెంచుకుంటూ పోతే లీటర్లు మొదటిసారి పూర్ణ సంఖ్యలో పడేది టీఎంసీ దగ్గరే. పదింతల నియమం వదిలేస్తే ఇంకా చిన్న మెట్టు దొరుకుతుంది. 3.048ను భిన్నంగా రాస్తే 381/125. 125 అడుగుల ఘనంలో 19,53,125 ఘనపుటడుగులు, సరిగ్గా 5,53,06,341 లీటర్లు. ఇలాంటి ఘనాలు పొడవుకు ఎనిమిది, వెడల్పుకు ఎనిమిది, ఎత్తుకు ఎనిమిది పేరిస్తే, 512 కలిసి ఒక టీఎంసీ.

2, 3, 127

సంఖ్యను రెండుతో భాగించుకుంటూ పోతే తొమ్మిదిసార్లు తెగి 5,53,06,341 దగ్గర ఆగుతుంది. దాన్ని మూడుతో మూడుసార్లు భాగిస్తే 20,48,383. అదేమిటో చప్పున తట్టదు. 5, 7, 11, 13 అని చిన్న ప్రధాన సంఖ్యలన్నీ ప్రయత్నించి విసిగిపోయేవారే ఎక్కువ, ఎందుకంటే 127 దాకా ఏదీ తెగదు. 127 × 127 × 127 = 20,48,383. మొత్తం మీద 2⁹ × 3³ × 127³, అంతే. మూడే ప్రధాన సంఖ్యలు.

అవి ఎక్కడినుంచి వచ్చాయో కనిపెట్టడం తేలిక. అడుగుకు 12 అంగుళాలు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. 12లో రెండు రెండ్లు, ఒక మూడు. 254లో ఒక రెండు, ఒక 127. కలిపితే 3048 = 2³ × 3 × 127, దాన్ని ఘనం చేస్తే పై రూపం. ఈ 127 అంగుళానికి చెరగని ముద్ర. అంగుళాల లీడ్‌స్క్రూ (పనిముట్టును నడిపే పొడవాటి మర) ఉన్న లేత్ మిషను మీద మిల్లీమీటరు మరలు కోయాలంటే 127 పళ్ల గేరు వేస్తారు. 127 ప్రధాన సంఖ్య కావడంతో దాని బదులు రెండు చిన్న గేర్లు కలిపి అదే నిష్పత్తి కచ్చితంగా తెద్దామంటే కుదరదు. వర్క్‌షాపులో పళ్ల లెక్కను శాసించిన సంఖ్యే టీఎంసీని లీటర్లలోకి మార్చేటప్పుడు మూడుసార్లు వచ్చి కూర్చుంటుంది.

ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 10 × 4 × 4, అంటే 160 భాజకాలు. 2, 3, 4, 6, 8, 9, 12, 16, 18, 24, 27 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి. 5, 7, 10, 11 భాగించవు. నిత్యవ్యవహారంలో ఇబ్బంది పెట్టేది అయిదు లేకపోవడమే. ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులతో ఒక టీఎంసీని పంచితే 1,41,58,42,329 టిన్నులు నిండి 12 లీటర్లు మిగులుతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 56,63,369 నిండి చివర 1,592 లీటర్లు. దాళ్వాలో (రబీ పంటకు) వంతులవారీ పెట్టి టీఎంసీని తొమ్మిది రోజులకు సమంగా విడదీస్తే లీటరు మిగలదు. ఏడు రోజులకు విడదీస్తే ఆరు లీటర్లు మిగులుతాయి. కాలువ గట్టు మీద ఆ ఆరు లీటర్ల కోసం ఎవరూ తగువు పడరు, కానీ కాగితం మీద మొత్తం కుదరక లెక్క మళ్లీ మొదలుపెట్టేవారు ఉంటారు.

సంఖ్యాశాస్త్రం ఇష్టమున్నవారికి 127 ఇంకో రుచి చూపిస్తుంది. అది 2⁷ − 1, మెర్సెన్ ప్రధాన సంఖ్య. దాన్ని 64తో హెచ్చిస్తే 8128, తన కంటే చిన్న భాజకాలన్నీ కలిపితే తిరిగి తానే వచ్చే పరిపూర్ణ సంఖ్య. టీఎంసీ లీటర్లలో ఆరు రెండ్లు, ఒక 127 పుష్కలంగా ఉన్నాయి గనక 8128 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 34,83,864. పరిపూర్ణ సంఖ్యకు పెద్ద గుణిజమైన ఏ సంఖ్యకైనా తనకన్నా చిన్న భాజకాల మొత్తం తనను మించుతుంది. ఇక్కడ ఆ మొత్తం 56,16,82,22,208, అసలు సంఖ్యకు రెండింతల దరిదాపుల్లో.

ఘనాన్ని రెండు ఘనాల మొత్తంగా పూర్ణ సంఖ్యల్లో విడగొట్టలేం. ఫెర్మా సూత్రంలో ఆ భాగం 18వ శతాబ్దంలోనే ఆయిలర్ చేపట్టినది. మూడు ఘనాలుగా మాత్రం విడుతుంది. 3³ + 4³ + 5³ = 6³. 3048ని ఆరుతో భాగిస్తే 508. కాబట్టి 1524³ + 2032³ + 2540³ = 3048³. విడివిడిగా 3,53,96,05,824, 8,39,01,76,768, 16,38,70,64,000. కూడి చూసుకోవచ్చు. వెయ్యి అడుగుల తొట్టిలో నీరు 152.4, 203.2, 254 మీటర్ల భుజాలున్న మూడు తొట్లలోకి బొట్టు పోకుండా సర్దుకుంటుంది.

రోజుకు ఒక టీఎంసీ

డెల్టాలో ఎక్కువగా చేసే మార్పిడి క్యూసెక్కుల నుంచి టీఎంసీకి. రోజుకు 86,400 సెకన్లు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. ఒక టీఎంసీ రోజులో పారాలంటే వంద కోట్లను 86,400తో భాగించాలి: 11,574.074074074... ఆ 074 ఎప్పటికీ ఆగదు. 86,400లో 27 ఉంది, వంద కోట్లలో మూడు ఒక్కటీ లేదు. భిన్నాన్ని కుదిస్తే 3,12,500/27 దగ్గర ఆగిపోతుంది, 27 తెగదు.

అదే ప్రవాహాన్ని లీటర్లలో అడిగితే కథ మారుతుంది. 28,31,68,46,592ను 86,400తో భాగిస్తే సెకనుకు సరిగ్గా 3,27,741.28 లీటర్లు, దశాంశం రెండంకెల దగ్గర ఆగిపోతుంది. అడుగులోని పన్నెండు అంగుళాల నుంచి వచ్చిన మూడు ఘనమై 27 అయింది. 24 గంటలు, 60 నిమిషాలు, 60 సెకన్లలో ఒక్కో మూడు కలిసి ఇంకో 27 అయింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అడుగుకు పది అంగుళాలు పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. ఆవర్తన దశాంశం కనబడగానే లెక్క తప్పిందేమోనని కంగారుపడే విద్యార్థులకు చూపించదగ్గ ఉదాహరణ ఇది: నీరు ఒకటే, ఒక ప్రమాణంలో తెగదు, ఇంకో ప్రమాణంలో తెగుతుంది.

వాడుకలో 11,574 చాలు. దానితో వచ్చే లోటు రోజుకు 6,400 ఘనపుటడుగులు, సుమారు 1.81 లక్షల లీటర్లు. తిప్పలు పెట్టేది ‘పదకొండు వేల క్యూసెక్కులకు ఒక టీఎంసీ’ అనే వాడుక. 11,000 క్యూసెక్కులు రోజంతా పారితే 0.9504 టీఎంసీయే. ఒక్కరోజుకు పట్టించుకోనక్కర్లేదు. సార్వాలో (ఖరీఫ్‌లో) 120 రోజులు అదే లెక్క నడిపితే కాగితం మీద 120, కాలువలో 114.05. ఆరు టీఎంసీలు రాతలోనే ఆవిరవుతాయి, ఆ లోటు శివారు ఆయకట్టుకు తగిలాక కారణం వెతకడం మొదలవుతుంది. సురక్షితమైన దారి రెండోది: క్యూసెక్కులను 0.0864తో హెచ్చించి వెయ్యితో భాగించడం. 10,000 క్యూసెక్కులు రోజుకు 0.864 టీఎంసీ, 5,000 అయితే 0.432. ఇందులో గుండ్రం చేయడం ఎక్కడా లేదు.

వరద రోజుల్లో లెక్క ఇంకా సులువు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కుల దగ్గర, రెండోది 13 లక్షల దగ్గర, మూడోది 17 లక్షల దగ్గర. పది లక్షల క్యూసెక్కుల్లో ఒక టీఎంసీ దాటడానికి సరిగ్గా వెయ్యి సెకన్లు, అంటే 16 నిమిషాల 40 సెకన్లు. 17 లక్షల్లో 9 నిమిషాల 48 సెకన్లు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజున ఆ వేగంలో ఒక టీఎంసీకి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పోటీ పరీక్షల్లో ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, క్యూసెక్కును నీటి పరిమాణం అనుకోవడం. అది వేగం. ఎంతసేపు పారిందో చెప్పకుండా ‘పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం పాలైంది’ అంటే ఎంత నీరో తేలదు.

ఎకరాల్లోకి వస్తే మాత్రం పేచీ పెద్దది. ఎకరానికి 43,560 చదరపుటడుగులు, సెంటుకు 435.6. ఎకరం 66 అడుగుల గొలుసు నుంచి పుట్టింది, 66 × 660. ఆ అరవై ఆరుల్లోని పదకొండు రెండుసార్లు వచ్చి 121గా స్థిరపడింది. టీఎంసీని ఎకరా అడుగుల్లో రాస్తే 2,50,00,000/1089, అంటే 22,956.84 చిల్లర. 1089 అంటే 9 × 121. దశాంశంలో 22 అంకెల గుంపు తిరిగి తిరిగి వస్తుంది. లీటర్లలోకి మార్చినా ఈసారి ఊరట దొరకదు, టీఎంసీ లీటర్లలో పదకొండు లేదు. అయితే వాడుకకు పనికొచ్చే యాదృచ్ఛికం ఒకటి తగిలింది. గోదావరి డెల్టా ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు. అంత నేల మీద ఒక టీఎంసీ పరిస్తే లోతు 7620/1089 మిల్లీమీటర్లు, అంటే 6.997. టీఎంసీకి ఏడు మిల్లీమీటర్లు అని నోటికి పెట్టుకుంటే చాలు. పది వేల ఎకరాలకైతే 700 మిల్లీమీటర్లు. కాలువల్లో ఇంకిపోయేది, ఆవిరయ్యేది ఈ లెక్కలో లేవు.

తప్పు పట్టుకోవడం

ఇంత పొడవు సంఖ్యను చేత్తో ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారవడం మామూలే. అంకెల మొత్తం 54, కాబట్టి తొమ్మిదితో తెగాలి. ఒక అంకె తప్పుపడితే ఈ పరీక్ష చాలావరకు పట్టేస్తుంది, తొమ్మిదికి బదులు సున్నా పడితే తప్ప. పక్కపక్క అంకెలు మారితే మాత్రం గుడ్డిది, ఎందుకంటే మొత్తం మారదు. అందుకు మూడంకెల గుంపుల పరీక్ష కావాలి. కుడినుంచి 592, 846, 316, 28 అని విడగొట్టి ఒకటి తీసి ఒకటి కలపాలి: 592 − 846 + 316 − 28 = 34. శేషం 34 కాకపోతే ఎక్కడో తప్పుంది. 46ను 64గా రాసేస్తే మొత్తం 54గానే ఉంటుంది, ఈ గుంపుల లెక్క మాత్రం 16 చూపిస్తుంది. 1001 = 7 × 11 × 13 కావడమే దీని కిటుకు. 27 విషయంలో ఒక హెచ్చరిక: అంకెల మొత్తం 27తో తెగితే సంఖ్యా తెగుతుందనే సూత్రం లేదు. 9981 అంకెల మొత్తం 27, అయినా సంఖ్య తెగదు. గుంపులను నేరుగా కూడాలి: 28 + 316 + 846 + 592 = 1782, మళ్లీ 1 + 782 = 783, అది 27 × 29. చివరి అంకె జారి 2,831 కోట్లు 283 కోట్లయితే ఈ పరీక్షల్లో ఏదీ సరైన ఆయుధం కాదు. ఘనపుటడుగుకు 28 లీటర్లు, వంద కోట్ల ఘనపుటడుగులకు 2,800 కోట్లు అని స్థూలంగా చూసుకోవడమే మందు.

రాజరాజ నరేంద్రుడి కాలపు వాడని చెప్పే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు. ఆ సంప్రదాయంలో అంకెలకు బదులు మాటలు వాడేవారు, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తూ. మన సంఖ్యను అలా కడితే నేత్ర, రంధ్ర, శర, ఋతు, వేద, గజ, రస, శశి, అగ్ని, వసు, కర. ఛందస్సులో ఒదిగితే అంకె జారడం కష్టం, జారితే గణం తప్పుతుంది. తప్పును పట్టే ఏర్పాటు పద్యంలోనే ఉంది.

యంత్రాల తప్పులు వేరే రకం. పదంకెల క్యాలిక్యులేటరులో ఈ సంఖ్య పట్టదు, చివరి 2 రాలిపోతుంది. పాత ప్రోగ్రాముల్లో పూర్ణ సంఖ్యలకు 32 బిట్లే ఉంటాయి, అందులో పట్టేది 4,29,49,67,295 దాకా. మన సంఖ్యకు 35 బిట్లు కావాలి. రుణ సంఖ్యలకూ చోటిచ్చే రకంలో వేస్తే పై బిట్లు తెగిపోయి −1,74,79,24,480 అని రుణ సంఖ్య కనబడుతుంది. జలాశయంలో నీరు రుణంలోకి వెళ్లినట్టు చూపించే పట్టికల వెనక ఇదే ఉండొచ్చు. స్ప్రెడ్‌షీటుకు పదిహేనంకెల దాకా ఫర్వాలేదు గనక అక్కడ భయం లేదు, గడి ఇరుకైతే 2.83E+10 అని కుదించి చూపిస్తుంది, అంతే.

అక్కడ వచ్చే చిక్కు అంకెలు ఎక్కువైపోవడం. పోలవరం పూర్తి నిల్వ 194.6 టీఎంసీలు. హెచ్చిస్తే 55,10,45,83,46,803.2 లీటర్లు వస్తుంది. గుణకారం తప్పు కాదు, కానీ 194.6 అన్నది నాలుగంకెల కొలత. దాని చివరి స్థానంలో సగం తేడా, 0.05 టీఎంసీయే, 141 కోట్ల లీటర్లకు పైమాట. కాబట్టి 5.51 లక్షల కోట్ల లీటర్లు అని రాసి ఊరుకోవాలి. 28,31,68,46,592 నిర్వచనం వల్ల కచ్చితం, 194.6 కొలత వల్ల ఉజ్జాయింపు. రెండూ గుణిస్తే వచ్చేది ఉజ్జాయింపే.

సెన్సర్లకు కట్టిన చిన్న పరికరాల్లో 24 బిట్ల కచ్చితత్వమే ఉండే దశాంశ పద్ధతి ఇంకా నడుస్తోంది. మన సంఖ్యలోంచి రెండ్లన్నీ తీసేసినా మిగిలే 5,53,06,341కు 26 బిట్లు కావాలి. అందుకని అది అందులో ఇమడదు, పరికరం 28,31,68,46,080 అని దాచుకుంటుంది. పోయింది 512 లీటర్లు. ఆ పరికరంలో ఘనపుటడుగుల్లోనే లెక్క నడిపిస్తే ఈ నష్టం రాదు: వంద కోట్లంటే 2⁹ × 19,53,125, ఆ బేసి భాగానికి 21 బిట్లు చాలు, హాయిగా ఇముడుతుంది. లీటర్లలోకి మార్పు తెర మీద చూపించే చివరి అడుగులో, పెద్ద యంత్రంలో చేసుకోవచ్చు.